ఇంజిన్ ఆయిల్ ఎన్నాళ్లకోసారి మార్చాలి? మీ బండి లెక్క మీరే వేసుకోండి

"ఐదు వేల కిలోమీటర్లకు మార్చెయ్" అంటారు ఒకరు. "పదివేల దాకా ఢోకా లేదు" అంటారు ఇంకొకరు. "నల్లబడలేదుగా, అప్పుడే ఎందుకు" అనేవాళ్లూ ఉంటారు. మొదటి ఇద్దరు చెప్పేదీ వాళ్ల వాళ్ల బండ్ల వరకు నిజమే కావచ్చు. మూడో మాట మాత్రం ఎవరన్నా నమ్మకండి. ఎందుకో కిందకు వచ్చాక చెబుతాను.

అన్ని బండ్లకూ సరిపోయే ఒకే అంకె లేదు. మీ బండికి మాత్రం ఒకటి ఉంది. దాన్ని తేల్చుకోవడానికి అరగంట చాలు. మాన్యువల్, మీటర్ రీడింగ్ దగ్గర పెట్టుకోండి. బండిని రోజూ ఎలా తిప్పుతున్నారో ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండండి.

మొదట మాన్యువల్‌లోని రెండు అంకెలు

మాన్యువల్ కనపడకపోతే కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకోండి. మోడల్ పేరొక్కటే చూస్తే చాలదు, తయారైన ఏడాది, ఇంజిన్ రకం కూడా సరిచూసుకోండి. ఒకే మోడల్‌లో పెట్రోల్‌కు, డీజిల్‌కు, టర్బోకు లెక్కలు వేరుగా ఉంటాయి.

అందులో మెయింటెనెన్స్ షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ వరుసలో రెండు అంకెలు కనిపిస్తాయి: ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని నెలలు, ఏది ముందొస్తే అది. చాలామంది మొదటి అంకెనే గుర్తు పెట్టుకుంటారు. "ఏడాదిన్నర అయింది కానీ నాలుగు వేలే తిరిగింది, ఇంకా టైముంది" అనుకుంటారు. లేదు, గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఒక అంచనా కోసం చెబుతున్నాను: ఇప్పటి పెట్రోల్ కార్లు చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు అని ఉంటుంది. కొన్నిటికి 15,000 దాకా ఇస్తారు. ప్రత్యేకమైన లాంగ్‌లైఫ్ ఆయిల్ వాడే కొన్ని కార్లకు 30,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు అని రాసినవీ ఉన్నాయి. మామూలు బైకులకు, స్కూటర్లకు 3,000 నుంచి 6,000 మధ్య ఉండొచ్చు. ఇవన్నీ మీ మాన్యువల్ దొరికేదాకానే. దొరికాక దాని మాటే చివరిమాట.

కొత్త బైకు అయితే మొదటి మార్పు చాలా తొందరగా వస్తుంది, సాధారణంగా 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపే. కొత్త భాగాలు ఒకదానికొకటి రాసుకుని సర్దుకునేటప్పుడు రాలే సన్నటి లోహపు పొడి ఆయిల్‌లో చేరుతుంది, దాన్ని బయటికి పంపడానికే ఆ మార్పు. దాన్ని వాయిదా వేయొద్దు. కార్లలో చాలావాటికి మొదటి సర్వీసులో తనిఖీ మాత్రమే ఉంటుంది, ఆయిల్ మార్చరు.

ఇంతవరకు అందరూ చూసేదే. పట్టిక కింద చిన్న అక్షరాల్లోనో, పక్క పేజీలోనో ఇంకో పట్టిక ఉంటుంది. "సివియర్ కండిషన్స్" అనో, "కఠిన పరిస్థితుల్లో వాడకం" అనో దానికి పేరు. అందులో గడువు దాదాపు సగానికి పడిపోతుంది. చాలామంది బండి నిజానికి ఆ రెండో పట్టికలోకే వస్తుంది. మొదటి పట్టిక చూసి పుస్తకం మూసేస్తారు కాబట్టి ఆ సంగతి తెలియదు.

ఆయిల్ దేనివల్ల చెడుతుంది

ఇది అర్థమైతే మీ లెక్క మీకే తడుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డబ్బాలో కొనే ఆయిల్ అంతా ఒకే పదార్థం కాదు. అందులో సుమారు 10 నుంచి 25 శాతం దాకా రకరకాల రసాయనాలు కలిపి ఉంటాయి. మసిని, మడ్డిని కడిగేవి కొన్ని. కడిగిన మురికి మళ్లీ గడ్డకట్టకుండా ఆయిల్‌లోనే తేలేలా పట్టి ఉంచేవి కొన్ని. ఆమ్లాలను విరిచేవి, లోహం మీద పొరలా అంటుకుని అరుగుదల తగ్గించేవి, వేడిలో ఆయిల్ మరీ పలచబడకుండా చూసేవి ఇంకొన్ని. బండి నడిచే కొద్దీ ఖర్చయిపోయేవి ఇవే. కంటికి ఆయిల్ ఆయిల్‌లాగే కనిపిస్తుంది, లోపల మందు అయిపోయి ఉంటుంది.

ఇక బయటి నుంచి వచ్చి చేరేవి. ఒక లీటరు పెట్రోల్ మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. ఆవిరి రూపంలో దాదాపు అంతా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చాంబర్‌లోకి జారుతుంది. దాంతో పాటు పూర్తిగా మండని పెట్రోల్, మసి కూడా దిగుతాయి. ఆయిల్ బాగా వేడెక్కితే ఈ నీరు, పెట్రోల్ మళ్లీ ఆవిరై బయటికి పోతాయి. వేడెక్కకపోతే అక్కడే ఉండిపోయి మడ్డిగా, ఆమ్లంగా మారతాయి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు ఐదారు నిమిషాల్లో మధ్యకు వచ్చేస్తుంది. అది చూపించేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని. ఆయిల్ దాని వెనకాలే నింపాదిగా వేడెక్కుతుంది, పూర్తి వేడికి రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. చలి ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. రోజూ పది నిమిషాలు నడిపి ఆపేసే బండిలో ఆయిల్ ఏనాడూ సరిగా ఆరదన్నమాట.

అతివేడి కూడా చేటే. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. టర్బో ఉన్న ఇంజిన్లు ఆయిల్‌ను తొందరగా తినేయడానికి ఇదొక కారణం. టర్బో బేరింగుల దగ్గర వేడి చాలా ఎక్కువ, అక్కడ కూడా ఇదే ఆయిల్ తిరగాలి. బైకుల్లోనైతే ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు, క్లచ్‌కు చాలావాటిలో ఒకే ఆయిల్. గేర్ల పళ్ల మధ్య నలిగి దాని చిక్కదనం తగ్గిపోతుంది, క్లచ్ ప్లేట్ల అరుగుదల కూడా అందులోనే కలుస్తుంది. పైగా ఉండేది ఒక లీటరు అటూ ఇటూ. బైకు గడువు కారు కంటే తక్కువ ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

మీ బండి ఏ పట్టికలోకి వస్తుంది

కింది వాటిలో ఏ ఒక్కటైనా మీ బండికి "అప్పుడప్పుడూ" కాకుండా "మామూలుగా" జరిగేదైతే, రెండో పట్టికే మీది:

- ప్రయాణాలు ఎక్కువగా ఏడెనిమిది కిలోమీటర్ల లోపే, మధ్యలో ఇంజిన్ పూర్తిగా చల్లారుతుంది
- ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోవడం, ఏసీ వేసుకుని ఇంజిన్ నడుస్తుండగా గంటల తరబడి నిలబడటం
- మట్టి రోడ్లు, దుమ్ము, నిర్మాణ పనులు జరిగే చోట్లు
- నిండా బరువు, ట్రైలర్ లాగడం, ఘాట్ రోడ్లు
- విపరీతమైన ఎండ లేదా గడ్డకట్టే చలి

నిలబడి నడిచే ఇంజిన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీటర్‌లో అది కనపడదు. బండి కదలకుండా ఇంజిన్ ఒక గంట నడిస్తే ఆయిల్ మీద పడే భారం సుమారు 40 నుంచి 50 కిలోమీటర్ల ప్రయాణంతో సమానమని వాహన నిర్వహణ చూసేవాళ్లు లెక్క కడతారు. రోజుకు గంట చొప్పున ట్రాఫిక్‌లో నిలబడితే నెలకు వెయ్యి కిలోమీటర్ల పైనే లెక్కకు రాకుండా పోతున్నట్టు.

ఇప్పుడు రెండు బండ్లు తీసుకుందాం. రెండింటికీ మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, కఠిన వాడకానికి 5,000 లేదా 6 నెలలు అని ఉందనుకోండి.

మొదటి బండి రోజూ ఖాళీ హైవే మీద 50 కిలోమీటర్లు పోయి, సాయంత్రం తిరిగొస్తుంది. వంద రోజుల్లో పదివేలు పూర్తి. "మూడు నెలలకే ఆయిల్ మార్చాలా" అనిపిస్తుంది కానీ, మార్చే సమయానికి ఆ ఆయిల్ పరిస్థితి బాగానే ఉంటుంది. ప్రతి స్టార్ట్‌కూ ఇంజిన్ బాగా వేడెక్కింది, నీరూ పెట్రోలూ ఆవిరైపోయాయి. ఈ బండికి మొదటి పట్టిక హాయిగా సరిపోతుంది.

రెండో బండి ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు పోయి వస్తుంది. ఏడాదికి 300 రోజులు తిరిగినా 2,400 కిలోమీటర్లే. కిలోమీటర్ల లెక్కన పదివేలకు నాలుగేళ్లు పడుతుంది. కానీ ఈ ఇంజిన్ ఏడాదిలో 600 సార్లు చల్లగా స్టార్ట్ అయి, ఒక్కసారి కూడా సరిగా కాగకుండానే ఆగిపోయింది. దీనికి ఆరు నెలలకే మార్చాలి. అప్పటికి మీటర్ 1,200 కూడా చూపించకపోవచ్చు. తక్కువ తిరిగే బండికి ఖర్చు తక్కువ అన్నది ఆయిల్ విషయంలో చెల్లదు. ఇలాంటి బండిని వారానికోసారైనా అరగంట, ముప్పావుగంట మంచి రోడ్డు మీద ఆపకుండా నడిపితే చేరిన తడి చాలావరకు ఆరిపోతుంది.

కొన్ని మాన్యువల్స్‌లో కఠిన వాడకానికి విడిగా పట్టిక ఉండదు, "తరచుగా మార్చండి" అని వదిలేస్తారు. అప్పుడు పైవాటిలో ఒకటి వర్తిస్తే గడువులో మూడో వంతు, రెండు మూడు వర్తిస్తే సగం తగ్గించుకోవడం నా పద్ధతి. అంతకంటే తగ్గించడం డబ్బు దండగ. ఐదు వేలకే మార్చాలన్న పాత సూత్రం మినరల్ ఆయిల్స్ (ముడి చమురును శుద్ధి చేసి తీసేవి), కార్బొరేటర్ ఇంజిన్ల కాలంలో పుట్టింది. ఇప్పటి ఇంజిన్ హైవే మీద నడుస్తుంటే ఆ సూత్రాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు.

మీ కారు డాష్‌బోర్డు "ఆయిల్ లైఫ్ 30 శాతం" లాంటిది చూపిస్తుందా? మంచిదే, నమ్మొచ్చు. అయితే వాటిలో చాలావరకు ఆయిల్‌ను పరీక్షించవు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడెక్కింది, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది అన్నవాటితో లెక్క కడతాయి. మీరు నాసిరకం ఆయిల్ పోస్తే దానికి తెలియదు. ఆయిల్ మార్చి రీసెట్ చేయడం మర్చిపోతే అది పాత లెక్కలోనే ఉంటుంది.

రంగు కాదు, మట్టం చూడండి

ఆయిల్ నల్లబడటం పాడవడానికి గుర్తు కాదు. మసిని కడిగి తనలో పట్టి ఉంచడమే దాని పని, ఆ పని చేస్తున్నందుకే నల్లబడుతుంది. డీజిల్ బండిలో కొత్తగా పోసిన ఆయిల్ వంద కిలోమీటర్లు తిరక్కముందే నల్లగా అవుతుంది. చాలాకాలం తేటగానే ఉండే ఆయిల్‌లో రసాయనాలు అయిపోయి ఉండొచ్చు కూడా. నల్లబడే దాకా ఆగాలన్న మాట నమ్మొద్దన్నది అందుకే.

గేజ్ (ఇంజిన్‌లో ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, డిప్‌స్టిక్) చెప్పగలిగే నిజం ఒకటుంది, అది మట్టం. ఆయిల్ పాతబడి చెడిపోయిన ఇంజిన్ల కంటే ఆయిల్ తక్కువై చెడిపోయిన ఇంజిన్లే ఎక్కువని నా నమ్మకం. మార్చే తేదీ గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు మధ్యలో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తరు.

చూసే పద్ధతి ఇది. బండిని చదునుగా ఉన్న చోట ఆపండి. ఇంజిన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ కిందికి దిగుతుంది. గేజ్ బయటికి లాగి, నూలు రాలని పీలికతో తుడవండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించిన గీతను పట్టించుకోవద్దు, బండి నడిచేటప్పుడు ఎగిసిన ఆయిల్ గొట్టం గోడలకు అంటి గేజ్ పొడవునా పూసుకుంటుంది. తుడిచిన గేజ్‌ను అడుగుదాకా దించి, ఒక క్షణం ఆగి, నెమ్మదిగా తీసి అడ్డంగా పట్టుకోండి. రెండు వైపులా చూడండి. రెండూ వేరుగా కనిపిస్తే తక్కువ చూపించే వైపునే నమ్మండి. కొత్త ఆయిల్ తేటగా ఉండి గీత దొరకకపోతే వెలుతురులో కాస్త వాల్చి చూస్తే తడి ఎక్కడిదాకా ఉందో మెరుస్తుంది.

బైకునైతే నిటారుగా, సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టాలి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్నప్పుడు చూసిన మట్టం తప్పే. మూతకే గేజ్ ఉన్న బైకుల్లో కొన్నిటికి మూతను బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నిటికి బిగించి చూడాలి. అది మాన్యువల్‌లో ఉంటుంది.

కారు గేజ్ మీద పై గుర్తుకూ కింది గుర్తుకూ మధ్య తేడా చాలావాటిలో ఒక లీటరు అటూ ఇటూ. నాలుగు లీటర్లు పట్టే ఇంజిన్‌లో మట్టం కింది గుర్తుకు వచ్చిందంటే పావు వంతు ఆయిల్ లేదని. మిగిలిన మూడు లీటర్లే నాలుగు లీటర్ల పని చేస్తూ, నాలుగు లీటర్ల మురికి మోస్తూ ఉంటాయి. అది తొందరగా చెడుతుంది, మీరు వేసుకున్న గడువు లెక్క కూడా తప్పుతుంది.

మట్టం తగ్గితే అదే గ్రేడ్ ఆయిల్ కొంచెం కొంచెంగా పోస్తూ పై గుర్తు కిందికే ఆపండి. ఎక్కువ పోస్తే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులను కాపాడదు. మట్టం దానంతటదే పెరిగితే సంతోషించకండి. చాలాసార్లు పెట్రోల్ లేదా డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. సైలెన్సర్‌లో మసి ఫిల్టర్ ఉన్న డీజిల్ బండ్లను పొట్టి ప్రయాణాలకే వాడితే ఇలా జరుగుతుంది. మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారుతుంది. అప్పుడు కిలోమీటర్లతో పని లేదు, మార్చేయాలి.

గేజ్ మీద ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో కనిపిస్తే కూలెంట్ కలుస్తుండొచ్చు. బండి తీయకుండా మెకానిక్‌ను పిలవండి. మూత లోపల మాత్రమే కొంచెం తెల్లటి జిగట ఉంటే, అది పొట్టి ప్రయాణాల తడే చాలాసార్లు. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగిలినా, మెరిసే రేణువులు కనిపించినా చూపించాల్సిందే.

ఇంకో సంగతి: ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగేది గడువు అయిందని చెప్పడానికి కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకోకుండా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి.

ఏ ఆయిల్

డబ్బా మీద 5డబ్ల్యూ-30 లాంటిది చిక్కదనం లెక్క. మొదటి అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, చిన్నదైతే తేలిగ్గా పారుతుంది. రెండోది ఇంజిన్ వేడి మీద ఉన్నప్పటి చిక్కదనం. మాన్యువల్‌లో ఏది ఉంటే అదే. "పాత బండి కదా, చిక్కటిది పోద్దాం" అనే సలహా అడక్కుండానే వస్తుంది. బండి నిజంగా ఆయిల్ తాగుతుంటే మెకానిక్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి, ఊరికే మార్చొద్దు.

డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) పక్కన ఉండే అక్షరాలు నాణ్యత స్థాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. పెట్రోల్ వరుసలో ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. మాన్యువల్‌లో ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ నిశ్చింతగా పోయొచ్చు. మసి ఫిల్టర్ ఉన్న డీజిల్‌కు మాత్రం బూడిద తక్కువ వదిలే రకం తప్పనిసరి, లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది.

బైకు వాళ్లకు ఒక హెచ్చరిక. కారు ఆయిల్ బాగుంటుందని బైకులో పోయకండి. కార్ల ఆయిల్స్ చాలావాటిలో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి, ఆయిల్‌లో మునిగి ఉండే బైకు క్లచ్ వాటివల్ల జారుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గుర్తు ఎంఏ లేదా ఎంఏ2 ఉందో లేదో చూడండి. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌లో మునగదు, అందుకే చాలావాటికి ఎంబీ రకం చెబుతారు.

సింథటిక్ (రసాయనికంగా తయారుచేసే ఆయిల్) పోస్తే గడువు పెంచుకోవచ్చా? మాన్యువల్ దాటి పెంచవద్దనే చెబుతాను. సింథటిక్ వేడికి బాగా తట్టుకుంటుంది, అది మీకు దొరికిన అదనపు భద్రత అనుకోండి. మాన్యువల్ సింథటిక్ అడుగుతుంటే మినరల్ పోసి అదే గడువు ఆశించడం మాత్రం కుదరదు.

మీరే మార్చుకునేటట్లయితే

ఆయిల్, కొత్త ఫిల్టర్, డ్రైన్ బోల్ట్‌కు కొత్త వాషర్, సరైన సైజు స్పానర్, వెడల్పాటి ట్రే, గరాటు, చేతి తొడుగులు సిద్ధం చేసుకోండి. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ మురికితో సహా బాగా దిగుతుంది. దూరం తిరిగొచ్చిన వెంటనే మాత్రం విప్పకండి, చెయ్యి కాలుతుంది.

కారు కిందికి వెళ్లాల్సి వస్తే స్టాండ్లు పెట్టే వెళ్లాలి. ఒక్క జాకీని నమ్ముకుని ఎప్పుడూ కిందికి దూరకండి. ఈ మాటకు మినహాయింపు లేదు.

డ్రైన్ బోల్ట్ ఏదో మాన్యువల్ బొమ్మలో చూసి రూఢి చేసుకోండి. గేర్‌బాక్స్ బోల్ట్‌ను ఇంజిన్‌దనుకుని విప్పేసేవాళ్లు ఉన్నారు. స్కూటర్లలోనూ గేర్ ఆయిల్‌కు వెనక చక్రం దగ్గర వేరే బోల్ట్ ఉంటుంది. పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి, ట్రే పెట్టి, బోల్ట్‌ను స్పానర్‌తో వదులు చేశాక చేత్తో తిప్పండి. చివరి చుట్లలో బోల్ట్‌ను లోపలికి నొక్కిపట్టే తిప్పి, మర పూర్తిగా విడిందని తెలియగానే చటుక్కున పక్కకు లాగేయాలి. అలా చేస్తే ఆయిల్ మోచేతి దాకా కారదు. ధార పలచబడి చుక్కలయ్యే దాకా, ఓ పది నిమిషాలు, వదిలేయండి.

పాత వాషర్ తీసేసి కొత్తది వేయండి. బోల్ట్‌ను మొదట చేత్తోనే ఎక్కించాలి, అడ్డంగా ఎక్కితే వేళ్లకే తెలుస్తుంది. తర్వాత మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగించే బలానికి) బిగించండి, చాలా కార్లకు అది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య. బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం చాంబర్ మర పోతుంది, అప్పుడు ఆయిల్ మార్పు కాస్తా చాంబర్ మార్పు అవుతుంది.

ఫిల్టర్‌ను ఆయిల్‌తో పాటే మార్చండి, మాన్యువల్ వేరే చెబితే తప్ప. ఫిల్టర్ పూడుకుపోతే ఇంజిన్‌కు ఆయిల్ అందకుండా పోకూడదని ఒక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పట్నుంచి వడపోత లేని ఆయిలే తిరుగుతుంది. డబ్బా రకం ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు దానితో పాటే వచ్చిందో లేదో చూడండి. ఒక్కోసారి అది ఇంజిన్ వైపే అతుక్కుని ఉండిపోతుంది, నల్లటి రబ్బరు నల్లటి ఆయిల్‌లో కంటికి ఆనదు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడి, ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిలంతా నేలపాలవుతుంది. ఆ చోటు వేలితో తడిమి, తుడిచి, కొత్త రింగుకు కొత్త ఆయిల్ పూసి, రింగు ఆనిన తర్వాత ముప్పావు చుట్టు చేత్తోనే బిగించండి. దీనికి స్పానర్ అక్కర్లేదు.

మాన్యువల్‌లో చెప్పిన కొలతలో ముప్పావు వంతు ముందు పోసి, గేజ్ చూసుకుంటూ మిగతాది పోయండి. మూత బిగించి స్టార్ట్ చేస్తే ఆయిల్ లైట్ కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. రేస్ చేయకుండా ఒక నిమిషం వదిలేసి, కింద బోల్ట్ దగ్గర, ఫిల్టర్ దగ్గర చెమ్మ ఉందేమో చూడండి. ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి గేజ్ తీస్తే మట్టం కొంచెం తగ్గి కనిపిస్తుంది, ఫిల్టర్ నిండిందన్నమాట. ఆ మేరకు పోయండి. ఆయిల్ లైఫ్ రీసెట్ చేయండి.

తీసిన ఆయిల్‌ను మురుగు కాలువలోనో, మట్టిలోనో పారబోయకండి. ఒక లీటరు వాడిన ఆయిల్ పది లక్షల లీటర్ల మంచినీటిని తాగడానికి పనికిరాకుండా చేయగలదు. అందులో క్యాన్సర్ కారక పదార్థాలు కూడా ఉంటాయి, చేతికి తొడుగులు వేసుకోమన్నది అందుకే. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకో, సేకరణ కేంద్రానికో ఇవ్వండి. దాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడతారు. నీళ్లు, కూలెంట్ అందులో కలపొద్దు.

తేదీ, మీటర్ రీడింగ్, ఆయిల్ గ్రేడ్ ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి, లేదా ఫోన్‌లో రాసుకోండి. తర్వాతి మార్పు కిలోమీటర్లలో ఎప్పుడో, తేదీలో ఎప్పుడో రెండూ రాయండి. వారంటీ ఉన్న బండికైతే బిల్లులు కూడా దాచుకోవాలి, వారంటీ ఉన్నంతకాలం కంపెనీ గడువు దాటడం మంచిది కాదు.

కొన్ని విడి సందర్భాలు

గడువు ఐదొందలో, వెయ్యో కిలోమీటర్లు దాటిపోయిందా? కంగారేం లేదు. మట్టం చూసి, వీలైనంత తొందరగా మార్చేయండి. అలా ప్రతిసారీ జరుగుతుంటే మడ్డి పేరుకుంటుంది. అప్పుడు కూడా ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డిని కరిగించే ద్రవం) పోయించమని ఎవరైనా అంటే తొందరపడొద్దు, ఏళ్ల మడ్డి ఒక్కసారిగా ఊడితే ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడొచ్చు. మంచి ఆయిల్ పోసి, వరసగా రెండుసార్లు సగం గడువుకే మార్చడం నెమ్మదైన పద్ధతే కానీ క్షేమం.

సెకండ్ హ్యాండ్ బండి కొంటే, "మొన్ననే మార్చాం" అన్న మాటకు బిల్లు లేకపోతే, ఆయిల్, ఫిల్టర్ మార్చి మీ లెక్క సున్నా నుంచి మొదలుపెట్టండి.

నెలల తరబడి బండిని పక్కన పెట్టేయాల్సి వస్తే పెట్టే ముందే మార్చడం మేలు. వాడిన ఆయిల్‌లోని తడి, ఆమ్లం అన్నాళ్లూ బేరింగులను అంటిపెట్టుకుని ఉండకుండా ఉంటాయి. కదలని బండిని రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు మాత్రం వద్దు, ప్రతిసారీ కొంచెం నీరూ పెట్రోలూ ఆయిల్‌లోకి దింపడమే అది.

హైబ్రిడ్ కార్లకు కూడా ఇంజిన్ ఆయిల్ మార్పు ఉంటుంది. ఇంజిన్ మాటిమాటికీ ఆగుతుంది కాబట్టి ఊళ్లో తిరిగేటప్పుడు ఆయిల్ సరిగా వేడెక్కకపోవచ్చు, వాటికి నెలల గడువే ముఖ్యం. పూర్తి ఎలక్ట్రిక్ బండికి ఈ బెడదే లేదు. చాలావాటిలో మోటారు పక్కనున్న గేర్లకు మాత్రం వేరే ఆయిల్ ఉంటుంది, దాని గడువు ఆ బండి మాన్యువల్‌లో చూసుకోండి.